కూత పెట్టని బావగారు

భీమేశ్వరరావు పేరులో ఉన్న భీముడు ఆ పేరు దాటి ఒంట్లోకి ఎన్నడూ దిగలేదు. గాలివానలో గొడుగు వేసుకుంటే, గొడుగు ఎటు లాగితే అటు నాలుగడుగులు వేసే మనిషి. కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. అలాంటివాడు జిల్లా కబడ్డీ జట్టులో కూతకెళ్ళే సత్యవేణిని ఎలా పెళ్ళి చేసుకున్నాడో ఆ ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ అంతుపట్టదు.

జరిగింది ఇదీ. ఆటల్లో తగిలే దెబ్బ బలం ఎలా లెక్కకట్టాలో క్లాసులో చూపిద్దామని ఒకసారి ఫోను పట్టుకుని గ్రౌండుకి వెళ్ళాడు. అక్కడ ప్రాక్టీసు చేస్తున్న అమ్మాయిని పిలిచి, "మీరొకసారి ఎవరినైనా గుద్దుతారా? వీడియో తీసి బలం కొలుచుకుంటాను," అని మర్యాదగానే అడిగాడు.

"ఎవరినో ఎందుకండీ పాపం, మీరే నిలబడండి," అంది సత్యవేణి.

నిలబడ్డాడు. ఆ తర్వాత అతనికి కనబడింది ఆకాశం. వీడియో తీస్తున్న కుర్రాళ్ళు పగలబడి నవ్వుతుంటే అతను మాత్రం లేవకుండా, అలా వెల్లకిలా పడుకునే ఫోను తెప్పించుకుని, వీడియో ముందుకీ వెనక్కీ జరిపి లెక్క మొదలుపెట్టాడు. "నా బరువు యాభై కిలోలు. కదలకుండా నిలబడ్డవాణ్ణి సెకనుకి నాలుగు మీటర్ల వేగంతో వెనక్కి వెళ్ళాను. యాభై నాలుగులు రెండు వందలు. మీరు తగిలింది సెకనులో ఇరవయ్యో వంతు సేపు. అంటే రెండు వందల్ని ఇరవైతో హెచ్చించాలి. నాలుగు వేల న్యూటన్లు. ఒక గేదె వచ్చి నా మీద కూర్చున్నట్టండీ!"

"నన్ను ఎదురుగా నిలబడి గేదె అన్న మగాడు మీరొక్కరే," అంది సత్యవేణి, చెయ్యిచ్చి లేపుతూ.

"అదే రెండు వందల్ని సెకనులో ఇరవయ్యో వంతులో కాకుండా పది నిమిషాల పాటు నెమ్మదిగా ఇచ్చారనుకోండి," అన్నాడు అతను దుమ్ము దులుపుకుంటూ, "నిమ్మకాయ ఆనుకున్నట్టుండేది, అంతే. గేదెకీ నిమ్మకాయకీ తేడా సమయమేనండీ, ఇంకేం లేదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే ఇద్దరికీ పెళ్ళి కుదిరిపోయిందని సత్యవేణి వాళ్ళమ్మ ఇప్పటికీ అంటుంది.

పెళ్ళయ్యాక మూడేళ్ళపాటు అంతా బాగానే గడిచింది. ఒక రోజు ఉదయం సత్యవేణి పొయ్యి మీది కుక్కరు దించబోయి, చెయ్యి సగంలో ఆపేసింది. ఆమె ముఖం చూసి భీమేశ్వరరావు పేపరు పడేసి లేచాడు. ఆమె ఏం లేదంది. ఏం లేనివాళ్ళకి నుదుటి మీద అంత చెమట పట్టదు. బలవంతాన ఎక్స్‌రే తీయిస్తే రెండు పక్కటెముకలు బీటలిచ్చి ఉన్నాయి. ఆ దెబ్బ తగిలి అప్పటికే వారం దాటింది. ఆ వారమంతా ఆమె అతని పక్కనే పడుకుంది, వండింది, నవ్వింది, ఒక్కసారి కూడా 'అబ్బా' అనలేదు.

"ఎందుకు చెప్పలేదు సత్యా?"

"చెబితే ఆట మానెయ్యమంటారు కదా. ఓర్చుకుంటే అదే తగ్గిపోద్ది."

ఆ 'ఓర్చుకుంటే' అన్న మాట అతని గుండెలో ముల్లులా దిగింది. ఆమె ఎముక విరిగినందుకు కాదు, పక్కనే ఉండి తనకి తెలియనందుకు ఏడుపొచ్చింది. కానీ ఫిజిక్సు మేష్టారు ఏడుపుని కూడా లెక్కలోనే పెట్టుకుంటాడు. దెబ్బ లెక్కలో ఉన్నవి మూడే: బరువు, వేగం, సమయం. బరువు మారదు. వేగం తగ్గించమంటే సత్యవేణి చస్తే ఒప్పుకోదు. మిగిలింది సమయం.

అలా పుట్టింది ఆ చొక్కా. చేతుల్లేని, మెడ దాకా వచ్చే ఒక బనీను లాంటిది. దాని గొప్పంతా నూలులోనే ఉంది. రీసెర్చి చేస్తున్న నఫీసా అనే అమ్మాయి, అతనూ కలిసి రెండేళ్ళు కుస్తీపట్టి తయారుచేశారు. దెబ్బ తగిలిన క్షణంలో ఆ నూలు పోగులు తమంతట తాము గిర్రున తిరిగి పురి ఎక్కుతాయి. తోసిన తోపు మొత్తం ఆ పురిలో చుట్టుకుపోతుంది. తర్వాత పది నిమిషాల పాటు పురి నెమ్మదిగా విప్పుకుంటూ ఆ తోపుని కొంచెం కొంచెంగా ఒంటికి అందిస్తాయి. గేదెని పట్టి నిమ్మకాయగా మార్చే చొక్కా అన్నమాట. దానికి 'ఓర్పు' అని పేరు పెట్టాడు.

"మగాడు కనిపెట్టిన చొక్కాకి ఆడదాని పేరు! బాగుంది మేష్టారూ," అంది సత్యవేణి.

చొక్కాని ముందు ఆమెకి వెయ్యలేదు. లేబులో ఒక బొమ్మ ఉండేది, మనిషి ఎత్తున తోలు కుట్టి, అరవై కిలోల ఇసక నింపిన బొమ్మ. దానికి చొక్కా తొడిగి బరువైన గుండుతో గుద్దించేవారు. సత్యవేణి మొదటిసారి లేబుకి వచ్చినప్పుడు దాన్ని కింద నుంచి మీద దాకా చూసి, "నాకంటే ముందు మీ చొక్కా తొడుక్కున్న మనిషి. వరసకి బావగారవుతారు," అని చేతులు జోడించింది. ఆ రోజు నుంచీ లేబులో అందరికీ ఆ బొమ్మ బావగారే. దుమ్ము పడితే నఫీసా కూడా "బావగారికి స్నానం" అనే అనేది.

బావగారి మీద పాస్ అయ్యాక చొక్కా సత్యవేణి ఒంటి మీదికి వచ్చింది. ప్రయోగంగా ఆడొచ్చని ఆటల సంఘం వాళ్ళు ఆ ఏడు అనుమతి కూడా ఇచ్చారు. మొదటి రోజు ప్రాక్టీసులో ముగ్గురు కలిసి ఆమెని పట్టి పడేశారు. లేచి, ఒళ్ళు తడుముకుని, గట్టు మీద నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్న మొగుడి వైపు చూసి నవ్వింది. ఏమీ లేదు! ఆమెకి ఏమీ కాలేదు! భీమేశ్వరరావు పక్కనున్న నఫీసా చేతులు పట్టుకుని గంతులేసినంత పని చేశాడు.

ఆ రోజుల్లో ఇంట్లో సాయంత్రాలు భలే సరదాగా ఉండేవి. చొక్కా విప్పకుండానే గ్రౌండు పక్క వీధిలోని ఇంటికొచ్చి పెనం పెట్టేది సత్యవేణి. గ్రౌండులో చివర్లో తగిలిన దెబ్బ అప్పటికింకా విడుదలవుతూనే ఉండేది. దోసె వేస్తుంటే ఎవరో భుజాన్ని నెమ్మదిగా పక్కకి నెడుతున్నట్టు గరిటె జరిగిపోయేది. గుండ్రంగా రావాల్సిన దోసె కోడిగుడ్డులా కోలగా వచ్చేది. "ఇది ఆ పెద్దాపురం పిల్ల కొట్టిన దోసె. తినండి," అని పళ్ళెంలో వేసేది. వారానికొకసారి నఫీసా చొక్కా తీసుకెళ్ళి కొలిచేది. పురి ఎప్పుడూ పూర్తిగా విప్పుకునే ఉండేది. ఎప్పుడు చూసినా ఖాళీ. నాలుగైదు నెలలు అలా చూశాక కొలవడం కూడా మానేశారు.

ఇబ్బంది మరో వైపు నుంచి వచ్చింది. జట్టు కోచ్ నాగరత్నం ఒకప్పుడు తనూ ఆడిన మనిషే, గొంతు విప్పితే గ్రౌండు గేటు దాకా వినిపిస్తుంది. ఎంత గట్టిగా గుద్దినా చలించని ఆడమనిషి చేతిలో ఉంటే ఏ కోచ్ ఊరుకుంటుంది? "కూతకెళ్ళడానికి పడుచు పిల్లలున్నారు సత్యవేణీ. నాకు గోడ కావాలి. నువ్వు కార్నర్లో నిలబడు. వచ్చినోళ్ళని పట్టు, మిగతాది నీ చొక్కా చూసుకుంటాది," అంది.

సత్యవేణి కూత జిల్లాలో పేరున్న కూత. ఊపిరి బిగబట్టి 'కబడ్డీ కబడ్డీ' అంటూ అవతలి కోర్టులోకి అడుగుపెడితే, తుమ్మెద రొదలా సన్నగా మొదలై, ఎక్కడా తెగకుండా, అవతలివాళ్ళ చెవుల్లో జోరీగలా తిరిగేది. ఇప్పుడా కూత లేదు. కార్నర్లో నిలబడేవాళ్ళు ఊపిరి బిగించి, పెదవి బిగించి, వచ్చే దెబ్బని ఛాతీతో తీసుకోవడమే. ఇంట్లో కూడా ఆమె మాటలు తగ్గాయి. దోసెల పేర్లు ఆగిపోయాయి. భీమేశ్వరరావు గమనించాడు. కానీ ఒంటి మీద కమిలిన మచ్చ ఒక్కటి కూడా లేదన్న సంబరంలో ఆ మౌనాన్ని అలసటే అనుకున్నాడు. మనకి కావలసింది కనబడుతుంటే మిగతావాటి వైపు ఎవరు చూస్తారు?

రాష్ట్ర పోటీలు ఆ ఏడు కాకినాడలోనే పెట్టారు. సత్యవేణి జట్టు ఫైనలుకి వచ్చింది. ఫైనలు సాయంత్రం. రీసెర్చి పేపరు ప్రచురించాలంటే చొక్కా ఎంతకాలం మన్నుతుందో చూపించాలని నఫీసా అంతకుముందు నుంచీ బావగారికి కొత్త చొక్కా తొడిగి, గుండుతో వరసగా గుద్దిస్తూ ఉంది. ఆ సాయంత్రం గ్రౌండుకి వెళ్తూ దారిలో భీమేశ్వరరావు లేబులో అడుగుపెట్టేసరికి నఫీసా బొమ్మ ఎదురుగా నిలబడి చూస్తోంది.

"సార్, చొక్కా ముట్టుకోండి. అట్టలా అయిపోయింది."

ముట్టుకున్నాడు. మెత్తగా ఉండాల్సిన బట్ట ఎండబెట్టిన తోలులా బిగుసుకుపోయి ఉంది. ఎక్కడా మడత పడటం లేదు. "గుండు ఆపు నఫీసా," అనబోయాడు. ఆ మాట పూర్తయ్యేలోపు గుండు ఊగి వచ్చి తగిలింది.

ఫట్టుమని చప్పుడైంది. అరవై కిలోల బావగారు గాల్లోకి లేచి, హాలు ఆ చివర గోడకి కొట్టుకుని, కుట్లు తెగి, ఇసక కక్కుతూ కిందపడ్డాడు. గోడ పెచ్చు ఊడిపోయింది.

అర్థం కావడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ప్రతి దెబ్బలోనూ పురి పూర్తిగా విప్పుకోలేదు. ఎంతో కొంత మెలి లోపలే చిక్కుకుపోతోంది. ఆ మిగిలినవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని, మరి చోటు లేక ఒక్కసారిగా తెగాయి. నిమ్మకాయలుగా పంచాల్సిన గేదెలన్నీ మందగా వచ్చి పడ్డాయి.

"సత్యవేణి," అన్నాడు భీమేశ్వరరావు.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆట సమయంలో ఫోన్లు సంచుల్లో ఉంటాయి. కోచ్ కూడా ఎత్తలేదు. అతని చేతిలో తాళం నఫీసా లాక్కుంది. "మీరు వెనక కూర్చోండి సార్," అని స్కూటరు తీసింది.

దారంతా అతను తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు. ఆమె చొక్కా ఎప్పుడు కొలిచినా ఖాళీగానే ఉంది కదా! నెలల తరబడి దెబ్బలు తిన్నా మెలి మిగల్లేదు. బావగారికి మిగిలింది, ఆమెకి మిగల్లేదు. తేడా ఏంటి? "ఒంటి వేడి అయ్యుంటుంది నఫీసా," అని చెవిలో అరిచాడు, "బొమ్మ చల్లగా ఉంటుంది. మనిషి ఒంటి వేడికి పురి విప్పుకుంటుంది. అంతే అయ్యుంటుంది."

"అల్లా దయవల్ల అదే అయ్యుండాలి సార్," అంది నఫీసా, హారను మీద నుంచి వేలు తియ్యకుండా.

గ్రౌండు చేరేసరికి రెండో సగం నడుస్తోంది. జనాన్ని తోసుకుంటూ కోర్టు పక్కకి వచ్చాడు. ఎడమ కార్నర్లో సత్యవేణి. చిత్తూరు జట్టు పిల్ల కూతకి వచ్చింది. సత్యవేణి నడుం వంచింది. ఆమె వంగింది గానీ, చొక్కా వంగలేదు. వీపు దగ్గర బట్ట ఒంటిని వదిలి అట్టముక్కలా పైకి లేచి నిలబడింది.

ఒంటి వేడి కాదు.

"నాగరత్నం గారూ, ఆమెని బయటికి పిలవండి! ఇంకొక్క దెబ్బ తగిలితే మనిషి దక్కదు!"

"ఏంటండీ మేష్టారూ, ఫైనలు మధ్యలో ఇదేం గోలండీ?" అని కసిరింది నాగరత్నం. కానీ అతని ముఖం చూసింది. ఎన్నో దెబ్బలు చూసిన మనిషి కనక, భయంలో నిజమేదో నటనేదో ఆమెకి తెలుసు. టైమవుట్ అడిగి సత్యవేణిని బయటికి పిలిచి, వేరే పిల్లని పంపింది.

"ఎవరూ ముట్టుకోకండి. దారి వదలండి," అంటూ భీమేశ్వరరావు చేతులు చాపి జనాన్ని ఆపాడు. సత్యవేణి వచ్చి నిలబడింది, రొప్పుతూ. అతను మెల్లగా హుక్కులు పట్టుకున్నాడు. బట్ట బిగుసుకుని హుక్కులు ఒకదాన్నొకటి కరిచిపట్టుకున్నాయి. కదలలేదు.

"కత్తిరిద్దామా సార్?" అంది నఫీసా.

"వద్దు వద్దు. ఒక్క పోగు తెగినా మొత్తం ఒకేసారి విప్పుకుంటుంది." చెప్పాడు గానీ ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. తను చేసిన చొక్కా, తన పెళ్ళాం ఒంటి మీద, తన చేతులతో విప్పడానికి లేదు. దాని పేరు ఓర్పు అని తనే పెట్టాడు.

చొక్కా బిగుసుకుందని తెలిసినా ఓర్చుకుంటోంది గానీ, సత్యవేణికి ఇవేం తెలియవు. ఆమెకి తెలిసింది ఒకటే, ఫైనలు మధ్యలో మొగుడు బయటికి లాగాడు.

"మీకేమైనా మతి పోయిందా?" అని మొదలుపెట్టింది. ఆ గొంతు నెలల తర్వాత విప్పుకున్న గొంతు. "అవతల ఒక్క పాయింటే తేడా! ఇన్నాళ్ళూ పక్కటెముక అంటారు, మోకాలంటారు, పత్తిలో పెట్టి చుట్టారు. సరే ఊరుకున్నాను. గోడలా నిలబడమంటే నిలబడ్డాను. నాకు కూత లేదు, ఆట లేదు, గుంజలా నిలబడి గుద్దించుకోవడమే. ఇప్పుడు అదీ లేదా?"

అతని అరచెయ్యి ఆమె ఛాతీ దగ్గర బట్ట మీద ఉంది. ఆ చేతికి ఏదో తగిలింది. చాలా నెమ్మదిగా, లోపలి నుంచి ఎవరో వేలితో నెట్టినట్టు. తర్వాత బట్ట ఆ చోట వెంట్రుకవాసి మెత్తబడింది.

"మళ్ళీ అను," అన్నాడు.

"ఏమని?"

"ఇప్పుడు తిట్టావే, అది."

"నిజంగానే మతి పోయింది!" అని అరిచింది సత్యవేణి. బట్ట ఇంకొంచెం సడలింది. నఫీసా కూడా చెయ్యి పెట్టి చూసింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"సార్! బావగారికి నోరు లేదు!"

ఆ ఒక్క మాటతో అతని తలలో దీపం వెలిగింది. మెలిక పడిన తాడుని జాడిస్తే మెలిక విప్పుకోదూ? మొదట్లో అన్ని నెలలూ ఆమె కూతకెళ్ళింది. ఛాతీ అదిరేలా కూత పెట్టింది. ఆ అదురుకి లోపల చిక్కుకున్న మెలి అంతా ఎప్పటికప్పుడు రాలిపోయింది. కార్నర్లో నోరు మూసుకుని నిలబడ్డాక రాలడం ఆగిపోయింది. బావగారు సరేసరి, పుట్టి ఎన్నడూ కూత పెట్టి ఎరగడు. మనిషి ఆడే ఆటకి చొక్కా చేసి, నోరులేని బొమ్మతో పరీక్ష పాస్ చేయించారు!

"సత్యా, కూత పెట్టు. ఇక్కడే. ఆపకుండా."

"బయట నిలబడి కూతేంటి?"

"పెట్టు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టు." అతని కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. మొగుడు ఏడవడం సత్యవేణి ఎక్స్‌రే నాడు కూడా చూడలేదు. ఇక అడగలేదు. గుండెల నిండా గాలి పీల్చింది.

సన్నగా మొదలైంది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ... తుమ్మెద రొద. బట్ట అదిరింది. మరుక్షణం ఆమె ఒక్క అడుగు వెనక్కి జరిగింది, ఎవరో ముందు నుంచి నెట్టినట్టు. ఇన్ని ఆటల్లో ఎదురొచ్చి గుద్దినవాళ్ళ తోపులన్నీ వరసగా బయటికి వస్తున్నాయి. నిమ్మకాయలు కావివి, ఒక్కోటి గుమ్మడికాయంత. భీమేశ్వరరావు చటుక్కున ఆమె వెనక్కి వెళ్ళి రెండు చేతులతో వీపుకి ఆనిక ఇచ్చాడు. చెప్పులు జారాయి. చెప్పులు విడిచేసి మట్టిలో వేళ్ళు దిగేసి నిలబడ్డాడు. అతని వెనక నఫీసా నిలబడింది. ఆమె వెనక నాగరత్నం వచ్చి నిలబడింది, ఆటని ఒక కంట కనిపెడుతూనే.

రిఫరీ పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? కోర్టు బయట కూత పెట్టకూడదండీ!"

"ఏ రూల్లో ఉందో చూపించండి, ఆపేస్తాం. ముందు మీరు పక్కకి జరగండి బాబూ, తోపు మీ మీదకొస్తాది," అంది నాగరత్నం. ఆయనకి ఏమీ అర్థం కాలేదు గానీ జరిగాడు.

ఊపిరి అయిపోయింది. మళ్ళీ పీల్చింది. మళ్ళీ కూత. ఈసారి గొంతు పెరిగింది. ఎందుకో తెలియకుండానే గట్టు మీది జనం కూడా అందుకున్నారు. ఒక్కో కూతకీ భీమేశ్వరరావు మోచేతులు వంగుతున్నాయి, పళ్ళు బిగించి మళ్ళీ చాపుతున్నాడు. ఆమె తిన్న దెబ్బలు ఎలా ఉంటాయో మొట్టమొదటిసారి అతని ఒంటికి తెలుస్తోంది. 'ఇంత తిన్నావా సత్యా, ఇంత తిన్నావా,' అనుకుంటూనే ఉన్నాడు. వేళ్ళ కింద బట్ట ముందు అట్టలా, తర్వాత గోనెలా, తర్వాత తువ్వాలులా మారింది. తోపు గుమ్మడికాయ నుంచి దోసకాయకి, దోసకాయ నుంచి నిమ్మకాయకి దిగింది. చివరికి ఏమీ లేదు. చేతుల కింద చెమట పట్టిన మనిషి వీపు, అంతే.

హుక్కులు వాటంతటవే వదిలాయి. చొక్కా జారి కింద కుప్పలా పడింది. భీమేశ్వరరావు దాని పక్కనే చతికిలబడిపోయాడు. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియడం లేదు. నఫీసా ముఖం చున్నీలో దాచుకుంది. నెత్తిన కొండ దిగినట్టుంది ఇద్దరికీ.

సత్యవేణి చొక్కా వైపు, మొగుడి వైపు మార్చి మార్చి చూసింది. నఫీసా రెండు ముక్కల్లో బావగారి గతి చెప్పింది. ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఒంగి మొగుడి తల మీద చెయ్యి వేసింది. తర్వాత కోచ్ వైపు తిరిగింది.

"ఎంతసేపుందండీ ఆట?"

"రెండు కూతలుంటాయేమో. చొక్కా లేకుండా వెళ్తావా?"

"కార్నరుకి కాదు. కూతకి."

నాగరత్నం భీమేశ్వరరావు వైపు చూసింది. అతని తలలో నాలుగు వేల న్యూటన్లు గిర్రున తిరిగాయి. వద్దని గొంతుదాకా వచ్చింది. ఆమె గొంతు ఇప్పుడే విన్నాడు, ఆ గొంతు ఇన్ని నెలలు ఎక్కడికి పోయిందో కూడా తెలిసింది. మింగేశాడు. "వెళ్ళు," అన్నాడు. "దెబ్బ తగిలితే మాత్రం కేక పెట్టు. అందరికీ వినబడేలా పెట్టు."

ఆఖరి కూతకి వెళ్ళింది. గెలవాలంటే ఇద్దరిని తాకి తిరిగి గీత చేరాలి. ఒకరిని తాకింది, రెండోవాళ్ళ కోసం చెయ్యి చాపితే నలుగురు మీద పడ్డారు. వాళ్ళందరినీ ఈడ్చుకుంటూ వచ్చింది గానీ, వేలు గీతకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. రెండు పాయింట్లతో ఓడిపోయారు. చిత్తూరు పిల్లలు గంతులేశారు. సత్యవేణి మోచెయ్యి చెక్కుకుపోయి, జుట్టు ముడి ఊడిపోయి, కుంటుకుంటూ, చెవుల దాకా నవ్వుతూ తిరిగొచ్చింది. ఓడిపోయి అంత ఆనందంగా వచ్చిన మనిషిని నాగరత్నం తన సర్వీసులో చూడలేదు. తిడదామని తెరిచిన నోరు మూసుకుంది.

బావగారికి కుట్లు వేసి మళ్ళీ ఇసక నింపారు. ఈసారి ఛాతీలో ఒక చిన్న స్పీకరు పెట్టి, సత్యవేణి కూత రికార్డు చేసి పాడించారు. కూత ఉన్నంతసేపూ ఎన్ని గుద్దులు గుద్దినా చొక్కా మెత్తగానే ఉంది. ఇప్పుడు లేబు దారిన వెళ్ళేవాళ్ళు లోపల ఆడవాళ్ళ కబడ్డీ జరుగుతోందనుకుని తొంగిచూస్తారు. చొక్కా పేరు మారుద్దామా అని నఫీసా అడిగింది. పేరు ఉండనీ గానీ, కూత పెట్టనివాళ్ళు వేసుకోకూడదని దాని మీద పెద్ద అక్షరాల్లో రాయించాడు భీమేశ్వరరావు.

ఫైనలు జరిగిన ఆ రాత్రి ఇంటికొచ్చాక సత్యవేణి పీట మీద కూర్చుంటే, అతను వెనక కూర్చుని నొప్పుల మందు రాశాడు. భుజం మీద పెద్ద మచ్చ కమిలి ఉంది. దాని అంచున వేలు ఆనించాడో లేదో,

"అమ్మా! చంపేశారు! మందు రాస్తున్నారా, రోకలితో దంచుతున్నారా?" అని కేక పెట్టింది.

అతని చెయ్యి ఆగిపోయింది. పక్కింటి పిన్నిగారు గోడ మీద నుంచి, "ఏమైందమ్మా సత్యవేణీ?" అని అడిగారు.

"మా మేష్టారు భుజం విరగ్గొడుతున్నారండీ!" అని అంతే గట్టిగా చెప్పి, వెనక్కి తిరిగి చూసింది. "ఏంటండీ, నేను నొప్పితో చస్తుంటే నవ్వుతారు?"

భీమేశ్వరరావు మందు సీసా కింద పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు. "మళ్ళీ అను."